ఎవరూ? నేనే!

కొత్త తాళం కొన్నానని ఊరంతా చాటుకుంటూ తిరుగుతున్నావే, సిగ్గు లేదూ? తాళం గట్టిదే, నీ బుద్ధే వదులు. కూర్చుని విను.

నక్క భయంతో చెవులయ్య అనే కుందేలు తన బొరియ తలుపుకు మూడు తాళాలు బిగించమన్నాడు. పని చేసిన ముళ్ళపంది మేస్త్రి, "తలుపుకు చిన్న కన్నం కూడా పెడతాను బావా, వచ్చిందెవరో చూసి తీయొచ్చు" అన్నాడు.

"కన్నం పెడితే తలుపు అందం పోదూ? చూడ్డమెందుకు, అడుగుతాగా!" అని చెవులయ్య అతణ్ణి పంపించేశాడు.

మర్నాడు పొద్దున్నే ఎవరో తలుపు కొట్టారు.

"ఎవరూ?"

"నేనే!"

"ఓ, నువ్వా! ఉండుండు, మూడు తాళాలు తీయాలి."

"తొందరేం లేదు, నిదానంగా తియ్యి" అంది బయటి గొంతు, ఎంతో మర్యాదగా.

రెండు తాళాలు తేలిగ్గానే వచ్చాయి. మూడోది బిగుసుకుపోయింది. "కాస్త అటునుంచి తలుపు నెట్టవయ్యా, నీకు పుణ్యముంటుంది!" అని బతిమాలాడు చెవులయ్య.

నక్క సంతోషంగా నెట్టింది.

చెవులయ్య వెనక దారిన దూకి ప్రాణాలైతే దక్కించుకున్నాడు గాని, అప్పట్లో కుందేళ్ళకుండే బారెడు తోక మాత్రం నక్క నోట్లో తెగిపోయింది; దాన్ని అది అక్కడే కూర్చుని ఫలహారం చేసింది.