చప్పుడు లేని యంత్రం

కిటికీ గడియ మీద చెయ్యి ఉండగానే ఆయమ్మ దొరికిపోయింది.

పెద్ద టీచరు ఆ ఉదయం చిన్నపిల్లల బడికి పెందలాడే వచ్చిందే మెకానిక్‌ను కలుసుకుందామని. ఏడాది కిందట అతను డాబా మీద బిగించిన యంత్రం బయటి గాలిని శుభ్రం చేసి గదుల్లోకి పంపుతుంది, ఏసీ చల్లదనాన్ని బయటికి పోనివ్వదు. అది ఉండగా కిటికీలు తెరవడమంటే కరెంటును వీధిలో పారబోయడమే. ఆ సంగతి కాగితం మీద రాసి గోడకు అంటించి మరీ చెప్పింది. అయినా నాలుగు గదుల కిటికీలూ బార్లా తెరిచి ఉన్నాయి.

"ఎన్నాళ్ల నుంచి సాగుతోందిది?"

"రోజూనే టీచరమ్మా," అంది ఆయమ్మ, దాచకుండా.

ఇంకేముంది, రేపటి నుంచి రానక్కర్లేదని పెద్ద టీచరు అక్కడికక్కడే చెప్పేసింది. ఆయమ్మ బకెట్టు పక్కన పెట్టి తన సంచీ వెతుక్కుంది. ఆ జీతంతోనే ఆమె ఇల్లు గడుస్తుందని బడిలో అందరికీ తెలుసు.

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన మెకానిక్‌కు మాత్రం రాజమర్యాదలు జరిగాయి. పెద్ద టీచరు తనే కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. ఈ ఏడాది పిల్లలకు దగ్గుల్లేవు, మధ్యాహ్నం పాఠాల్లో తూగడాల్లేవు, ఆయాసంతో బడి మానేసిన పాప కూడా తిరిగొచ్చింది. కరెంటు బిల్లు చూసినా ప్రాణం హాయిగా ఉందట.

"అసలు యంత్రం ఉన్నట్టే తెలియదయ్యా, చప్పుడే చెయ్యదు. నీ మేలు మరిచిపోలేను," అంది.

అతను ఉబ్బి తబ్బిబ్బై, ఫిల్టర్ మార్చి వస్తానని డాబా ఎక్కాడు.

మూత తీసి చూస్తే ఫిల్టర్ నిన్న కొన్నట్టు తెల్లగా ఉంది. ఏడాది దుమ్ము ఎక్కడికి పోయిందా అని వెతికితే, కరెంటు తీగ కొస యంత్రం పక్కన ఊరికే వేలాడుతోంది. దాన్ని కలపాల్సింది అతనే. కలిపాను, నడిపి చూశాను అని సంతకం పెట్టిందీ అతనే.

ఇప్పుడు కలిపేస్తే రెండు నిమిషాల పని, మూడో కంటికి తెలియదు. చెబితే ఉద్యోగం ఊడుతుంది. తీగ చేతిలోకి తీసుకున్నాడు కూడా. అంతలో కింద, సంచీ భుజాన వేసుకుని గేటు వైపు నడుస్తున్న ఆయమ్మ కనిపించింది.

రెండేసి మెట్లు దిగి పరుగెత్తి, ఆమెను వెంటబెట్టుకుని పెద్ద టీచరు ముందుకు వచ్చాడు.

"మేడమ్, ఆ యంత్రం ఒక్కరోజు కూడా తిరగలేదు. తప్పు నాది. మీ పిల్లలకు మంచి గాలి ఇచ్చింది ఈవిడ."

గుచ్చి గుచ్చి అడిగితే ఆయమ్మ ఒప్పుకుంది. గాలి వచ్చే జాలీ దగ్గర నూలుపోగు పట్టి చూసిందట, అది కదల్లేదట. అప్పటి నుంచి పొద్దున్నే ఏసీ వెయ్యకముందు ఒకసారి, పిల్లలు ఆటకు వెళ్లగానే ఏసీ ఆపేసి మరోసారి, కిటికీలు తీసి గదుల్లో గాలి మారుస్తోందట.

పెద్ద టీచరు ఆయమ్మ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. ఏడాదిగా ఒక ఇనప్పెట్టెకు దణ్ణాలు పెడుతూ వచ్చినందుకు సిగ్గుపడింది. రేపే కాదు, తానున్నన్నాళ్లూ బడి విడిచి వెళ్లొద్దని బతిమాలింది.

"పొమ్మన్నప్పుడైనా ఈ మాట ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది.

ఆయమ్మ మెకానిక్ వైపు తిరిగింది.

"నువ్వు యంత్రం బిగించిన రోజు నేనూ డాబా మీదే బట్టలు ఆరేస్తున్నాను నాయనా. నీ భార్యకు నొప్పులొస్తున్నాయని ఫోనొస్తే తీగ అక్కడే వదిలేసి పరుగెత్తావు. నోరు విప్పితే పసిబిడ్డ తండ్రి పొట్ట కొట్టినదాన్నవుతానని ఊరుకున్నాను. ఇంతకీ పుట్టింది పాపా, బాబా?"