గువ్వ మనసులో మాట

పొగిడితే కరిగిపోయే గువ్వ ఒకటి అడవిలో ఉండేది. గోరింక రోజూ దాని పక్కన వాలి, "నీకేమిష్టం తల్లీ? ఊరికే అడుగుతున్నా" అనేది. తన మనసు తెలుసుకునే తోడు దొరికిందని గువ్వ పొంగిపోయింది.

"నా మెడ వానవిల్లులా ఉందంటే చాలక్కా, ప్రాణమిచ్చేస్తాను!"

మర్నాడు పొద చాటునుంచి "ఆహా, ఆ మెడ వానవిల్లే!" అని వినబడింది. గువ్వ సిగ్గుపడుతూ దగ్గరికెళ్లింది. బావురుపిల్లి పంజా విసిరింది. రెక్క చిరిగిన గువ్వ ఎలాగో తప్పించుకుని గోరింక ముందు వాలింది.

"పిల్లికి చెప్పింది నువ్వేనా?"

పిల్లి ఇచ్చిన మాంసం ముక్క పొడుచుకు తింటూ గోరింక నవ్వింది. "నీ సోదంతా ఊరికే విన్నాను కదే పిచ్చిదానా, మరి నా కడుపెలా నిండాలి? అయ్యో, బాగా నొప్పా? ఇప్పుడెంత ఎత్తు ఎగరగలవు?"

అంత ప్రేమగా అడిగేసరికి గువ్వ కోపం మరిచి, "ఈ కింది కొమ్మదాకానే అక్కా" అని చెప్పేసింది.