గాలిలో గడప

ఏరు ఒడ్డును కోసేసిన మర్నాడు, ఎలుకమ్మ ఆకలితో ఉన్న పిల్లల్ని పొదలో దాచి గింజల కొట్టుకి పరుగెత్తింది. కోతలో ఇల్లు పోయినవాళ్ల కోసం అడవిలో అందరూ తలా కాసిని పోసి నింపిన కొట్టు అది. కాపలా తాబేలు తాతది.

"పోయిన ఇంటి గడప చూపించి, ఇంట్లో ఎంతమందో చెప్పి గింజలు తీసుకెళ్లమ్మా. అదీ నియమం," అన్నాడు తాత.

"గడప ఏట్లో కలిసిపోయింది తాతా."

"చోద్యం! ఇల్లెక్కడికి పోతుంది? నాది చూడు, పుట్టినప్పటి నుంచీ నాతోనే ఉంది."

కొమ్మ మీద లకుముకి పిట్ట కిసుక్కున నవ్వింది. ఒడ్డులో ఎలుకమ్మకు పక్కింటిది అదే. "అందరికీ ఇల్లు వీపుకి అతుక్కుని రాదు తాతా! పొద్దుగుంకేవేళ ఏటికి రా, చూపిస్తాం."

సాయంత్రం నీళ్లు కుంకుమరంగులో మెరుస్తున్నాయి. లకుముకి ఏటి మీదికి ఎగిరి, రెక్కలు టపటపలాడిస్తూ గాలిలో నిలబడింది.

"ఇంకాస్త ఎడమకి అక్కా," అంది ఎలుకమ్మ. "కొంచెం కిందికి. ఆఁ, అక్కడే! తుమ్మవేరు పక్కన మా గడప ఉండేది. పిల్లలు అక్కడే ఎండ కాగేవాళ్లు."

తాత చూశాడు. రెక్కల కింద ఉత్త నీళ్లే. చూడగా చూడగా, ఆ వెలుగులో ఒక మట్టిగోడ లేచింది. తుమ్మవేరు ఊగింది. చిన్న గుమ్మంలోంచి చిట్టి మూతులు తొంగిచూశాయి.

గుమ్మం తగులుతుందేమో అన్నట్టు తాత తల వంచాడు.

"ఇంట్లో ఎంతమందమ్మా?" అని అడిగాడు.