నూనె డబ్బాలో నీళ్ళు

నూనె డబ్బా వంచితే మూకుట్లో నీళ్ళు పడ్డాయి.

రగ్దా వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. అనుమానం లేదు, పంపు నీళ్ళే.

పోటీ మొదలై ఐదు నిమిషాలయింది. అలెగ్జాండ్రియాలో, కాలేజీ ఆవరణ నిండా పన్నెండు పొయ్యిలు వెలుగుతున్నాయి. విద్యార్థి జేబుకు అందే, ఒంటికి మేలు చేసే చేప వంటకం చెయ్యాలి. గెలిచినవారికి హాస్టల్ వంటశాలలో సాయంత్రం పని, రెండు పూటలా తిండి. ఆ పని దొరక్కపోతే రగ్దా చదువు ఈ నెలతో సరి. సొంతూరు దమన్‌హూర్ బస్సెక్కాల్సిందే.

"ఎవరో నూనె కొట్టేశారే," అంది.

ఆమె గదిలోనే ఉండే ఇనాస్ డబ్బా వాసన చూసింది. "కడిగి మరీ పెట్టాడు. దొంగయినా శుభ్రమైన మనిషి."

"నవ్వకు. పొద్దున బుట్ట ఎవరి దగ్గర పెట్టాం?"

"మన ఇంటి గేటు దగ్గర ముసలాయన దగ్గర. మనం బండి కోసం వెళ్ళలేదూ?"

ముసలాయన పేరు సనద్. ఆ ఇంటి కాపలా ఇద్రీస్ ఊరెళితే, అతని బదులు వారం రోజులకని వచ్చి కూర్చున్నాడు. నిన్న సాయంత్రం ఆ డబ్బాలోకి తొంగి చూశాడు.

"ఈ నూనెలో ఇది ఎన్నో వాయి తల్లీ?"

"ఆరో వాయి. అయితే?"

"తారులా ఉంది. దీంట్లో వేయించి తింటే చేపతో పాటు జబ్బూ తిన్నట్టే."

"బాబాయ్, నిన్ను కాపలా పెట్టింది గేటుకి. నా మూకుడికి కాదు."

ఆయన తిరిగి గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ముసలాడి పనే," రగ్దా పళ్ళు కొరికింది. "మాటన్నానని పగబట్టాడు."

"పక్కవాళ్ళని కాస్త నూనె అడగనా?"

"అడిగితే పోటీలోంచి తీసేస్తారు. బుట్టలో తెచ్చుకున్నదే వాడాలి."

బుట్ట బోర్లించింది. ఆరు బుల్టీ చేపలు, నిమ్మకాయలు, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు. అడుగున తాను పెట్టని పొట్లం ఒకటి. విప్పింది.

గోధుమ తవుడు.

రగ్దా చూపు దాని మీదే నిలిచిపోయింది. బజారులో చేపకు తవుడు పట్టించి కాల్చడం రోజూ చూసేదే. అది కొలిమి లాంటి పొయ్యిలున్నవాళ్ళ పని అనుకుందే తప్ప, మూకుడుతో అవుతుందని ఎన్నడూ అనుకోలేదు.

"ఇనాస్, చేపలకి పొలుసు తీశావా?"

"తీరికెక్కడిది? పొట్టలు మాత్రం శుభ్రం చేశా. తిట్టకు."

"బతికించావే. పొలుసుంటే పైన మాడినా కండ మాడదు."

పొట్టల్లో వెల్లుల్లి, జీలకర్ర కూరింది. తడి చేపల్ని తవుడులో దొర్లించి, నీళ్ళు పారబోసి ఆరబెట్టిన, సెగలు కక్కుతున్న మూకుట్లో వేసింది. పొగ లేచింది.

పక్క పొయ్యి అమ్మాయి దగ్గింది. "అక్కా, వంట చేస్తున్నావా, ఊరు తగలబెడుతున్నావా?"

"నీ వేపుడు చూసుకో చెల్లీ. పొగ నాది, దగ్గు నీది."

బొగ్గులా నల్లబడ్డ చేపల్ని ఉప్పు, నిమ్మరసం కలిపిన నీళ్ళలో ముంచి తీసింది.

తీర్పు చెప్పే డాక్టరమ్మ పళ్ళెం చూసి మొహం చిట్లించింది. రగ్దా నల్లటి తోలు పట్టుకుని ఒక్క లాగు లాగింది. లోపల పాలలా తెల్లటి కండ, ఆవిరి కక్కుతూ.

డాక్టరమ్మ ఒక ముక్క తిన్నది. రెండోది తిన్నది. మూడోదానికి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది.

"నూనె ఎంత వాడావమ్మా?"

"చుక్క లేదండీ."

"పదకొండు వేపుళ్ళు రుచి చూశాను. చేప రుచి ఇప్పుడు తెలిసింది."

ఇనాస్ వేసిన ఈల ఆవరణంతా వినిపించింది. పని రగ్దాదే.

మిగిలిన ఒక్క చేపనీ కాగితంలో చుట్టుకుని రగ్దా ఇంటికి పరుగెత్తింది. గేటు దగ్గర ఇద్రీస్ కూర్చుని ఉన్నాడు.

"సనద్ బాబాయ్ ఏడీ?"

"ఇప్పుడే తన ఊరు రషీద్‌కి బస్సెక్కాడమ్మా. ఇక ఈ ఊరు రాడట."

"ఫోన్ కలుపు. నిన్న నోటికొచ్చినట్టు మాట్లాడాను."

అవతల బస్సు రొద. దాని మధ్య నుంచి ముసలి గొంతు. "గెలిచావా తల్లీ?"

"గెలిచాను. నూనె పారబోసి తవుడు పెట్టింది నువ్వేనా బాబాయ్?"



"నేనే. ఆ ఊళ్ళోనే బహరీ పేటలో వేపుడు కొట్టు పెట్టుకుని, నీలాంటి పిల్లలకి ముప్పై ఏళ్ళు ఆ నల్ల నూనెలోనే చేపలు వేయించి అమ్మాను తల్లీ, నా చేత్తో పారబోసిన మొదటి నూనె నీదే."