చేతి తడి

జూలై పన్నెండు. ఆయనకు బాగా గుర్తు. మధ్యాహ్నం రొట్టె, ఉడికించిన గుడ్డు తిని, చెయ్యి కడుక్కుని పెరటి గదిలోకి వెళ్లాడు.

లోపల, తమ మేడ మీది గదిలో అద్దెకుంటున్న అమ్మాయి కనిపించింది. ఒక చేతిలో ఆయన ఉలి, ఇంకో చేతిలో గుడ్డ ముక్క.

“ఏంటమ్మా ఇక్కడ?”

“ఏం లేదు బాబాయి గారూ. ఊరికే చూస్తున్నా.”

“చూడ్డానికి కళ్లు చాలవూ? చేతులెందుకు? నీ చేతి తడి తగిలితే చాలు, ఇనుము తుప్పెక్కి కూర్చుంటుంది.”

ఆ అమ్మాయి గుడ్డను మడిచి పట్టుకుంది. ఉలిని తీసిన చోటే పెట్టేసింది.

సాయంత్రం ఆ గదికి తాళం పడింది.

ఉద్యోగం అయిపోయింది. భార్య పోయి ఏడాదైంది. ఆయనకు పొద్దు గడిపేందుకు మిగిలింది ఆ గది, ఆ ఉలులు, రంపాలు, చెక్కను నునుపు చేసే చిత్రిక. రోజూ కాసేపు చెక్క మీద చెయ్యి ఆడితేనే అన్నం సయించేది. ఇన్నేళ్లలో ఒక్క తుప్పు మచ్చ ఎరగడు.

తాళం వేసిన వారానికే చిత్రిక మీద గోధుమరంగు మచ్చలు కనిపించాయి.

కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కాడు. పనిముట్ల పెట్టెలో కర్పూరం పెట్టాడు. గరుకు కాగితంతో రుద్ది, వెలుతురులో తిప్పి తిప్పి చూసుకుని సర్దాడు. తెల్లారేసరికి మళ్లీ మచ్చలు.

ఫోన్లో కూతురు నవ్వింది. “వానాకాలం నాన్నా. తుప్పు నీకు భయపడుతుందా ఏంటి?”

“ఇన్నాళ్లూ వానలు పడలేదంటావా?”

ఆ అమ్మాయి దగ్గర మారు తాళంచెవి ఉండుంటుందని ఆయనకు తోచింది. మేడ మీది గది ఖాళీ చెయ్యమన్నాడు.

“అలాగే బాబాయి గారూ. వెళ్లేలోపు ఒక్కసారి ఆ గది తీస్తారా? నూనె గుడ్డతో...”

“ఇంకా ఏం పాడు చేద్దామని?”

ఆ అమ్మాయి వెళ్లిపోయింది. తుప్పు మాత్రం పోలేదు. ఉలి చెక్కలో దిగడం మానేసింది.

కొన్నాళ్లకు, ఆ అమ్మాయి మేడ మీద వదిలేసిన బట్టల పెట్టె కోసం ఆమె స్నేహితురాలు వచ్చింది. ఆయన చిత్రికను ఒళ్లో పెట్టుకుని గది గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

“తుప్పు పట్టేసిందా?” అంది స్నేహితురాలు. “ఇలా అవుతుందని అది అనుకుంటూనే ఉంది.”

“ఏమని?”

“మీ చెమట గురించండీ. కొందరి చెయ్యి తగిలితే ఇనుము ఆగదట. మీరు పడుకున్నాక మీ ఆవిడ రోజూ అన్నీ తుడిచి నూనె రాసేవారట. తెలిస్తే మీరు ఇక పనిముట్లు ముట్టుకోరని ఆవిడ భయం. పోయేముందు ఆ పని దానికి అప్పజెప్పారు.”

ఆయన ఒళ్లోకి చూసుకున్నాడు. మచ్చలు నాలుగు ఒక వరుసలో ఉన్నాయి. బొటనవేలిది విడిగా, ఇవతలి పక్కన.

“ఒక్కసారి రమ్మనమ్మా.”

“ఇంకెక్కడండీ. మొన్ననే విమానమెక్కింది. విదేశంలో ఒక ఆసుపత్రి వాళ్లు పోయినేడే ఉద్యోగానికి పిలిచారు. ఇక్కడ పనుందని తనే వాయిదా వేస్తూ వచ్చింది.”

“మా ఆవిడకి తనెలా తెలుసు?”

ఆమె పెట్టె అందుకుంది.

“ఆసుపత్రిలో ఆఖరి రాత్రి మిమ్మల్ని లోపలికి రానివ్వలేదు కదండీ. తెల్లారేదాకా ఆవిడ చెయ్యి వదలకుండా కూర్చున్న నర్సు అదే.”

ఆమె వెళ్లాక ఆయన లేచి, చిత్రికను లోపల పెట్టి, తన నిద్ర చెడకుండా ఆవిడ మూసినట్టే గది తలుపు చప్పుడు కాకుండా మూశాడు.