కొత్త స్ప్రింగు

"పోయిన నెల స్ప్రింగు కన్నా ఇదే మేలురా తమ్ముడూ! నువ్వు పనికెళ్లాక మేడ మెట్లన్నీ ఎక్కేశాను," అంటూ అక్క మంచం మీంచే మోకాలి పట్టీ అందించింది. కండ కరిగిపోతున్న ఆమె కాలికి ఆసరాగా నేను స్ప్రింగు పెట్టి తయారుచేసిన పట్టీ అది.

కిటికీ దగ్గర కూర్చుని మరలు విప్పాను. నెల క్రితం స్ప్రింగుకి పూసిన గ్రీజు పూసినట్టే ఉంది. రెండడుగులు వేసినా అది చెదిరిపోవాలి.

"అరిగిందా?" అంది అక్క, నా మొహంలోకి చూస్తూ.

"అరగదా మరి! నీ దూకుడుకి ఏ స్ప్రింగు ఆగుతుంది? ఇంకా గట్టిది వేస్తానుండు."

"వెయ్యి. ఈసారి నిన్ను దాటి పరిగెడతా."

ఇద్దరం నవ్వుకున్నాం.

అటు తిరిగి, విప్పిన స్ప్రింగునే తుడిచి మళ్లీ బిగించాను. నాలుగు నెలలుగా అదే స్ప్రింగు.