కమలాకర్ విమానం

జోల్వా ఊరు దాటాక చెరుకు నరికేసిన పొలంలో విమానాన్ని ఎత్తి పట్టుకున్నప్పుడు కమలాకర్ వేళ్లు వణకలేదు. అది చూసి అతని భార్య జమునకు ఆశ పుట్టింది.

అది పాతకాలపు రెండు రెక్కల విమానానికి చిన్న నమూనా. బట్టలు నేసే సాంచాల కార్ఖానాలో, జబ్బు చేసిందని పని మాన్పించాక, వానాకాలమంతా ఇంట్లో కూర్చుని తేలికైన బాల్సా కర్ర పుల్లలు కోసి, పల్చటి కాగితం అతికించి, ముక్కులో బ్యాటరీ మోటారు బిగించి తయారుచేశాడు.

"రిమోటు లేదు గదా, ఎట్ల తిరిగొస్తది?" అంది జమున.

"తోక జర వంచిన. గుండ్రంగ తిరిగి ఈడ్నే దిగుతది."

గాలికి ఎదురుగా మెల్లగా వదిలాడు. విమానం పైకి లేచి, వాళ్ల తలల మీదుగా పెద్ద చుట్టు తిరిగి, మోటారు ఆగాక ఎండిన చెరుకాకు మీద మెత్తగా దిగింది. ఇక కోలుకోడన్న డాక్టరు మాట తప్పేమోనని జమున కళ్లు తుడుచుకుంది.

కమలాకర్ వెళ్లి విమానాన్ని తెచ్చాడు. రెక్కలు తడిమి తడిమి చూశాడు.

"ఎవలో మస్తు చేసిన్రు," అంటూ జమున చేతికిచ్చాడు. "నీదేనా అమ్మా? తీస్కో. నేను పోవాలె, ఇంటికాడ మా జమున ఎదురుచూస్తుంటది."